కుక్కల బొమ్మలతోనే 40 ఏళ్లు నడిపించిన యోషిహిరో తకహాషి – ఇక్కడ చదివినవాళ్లున్నారా?

బొమ్మలబాబ్జీ:
అందరికీ నమస్కారం. మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, నాకు కొత్త, యాభై దగ్గరపడ్డాక మొదలుపెట్టాను. పోయిన నెల నిచ్చెన మీంచి జారి కాలు బెణికి పది రోజులు మంచం మీద ఉంటే మా అబ్బాయి టాబ్ చేతిలో పెట్టి "నాన్నా, నీకు కుక్కలంటే ఇష్టం కదా, ఇది చూడు" అన్నాడు. గింగా నగరెబోషి గిన్ అని 18 సంపుటాల కథ. 1983 నుంచి 1987 దాకా వీక్లీ షోనెన్ జంప్ అనే పిల్లల పత్రికలో వచ్చిందట. వేసినాయన యోషిహిరో తకహాషి, 1953లో అకితా జిల్లాలో హిగాషినరుసె అనే కొండపల్లెలో పుట్టాడు. కథలో కుక్క కూడా అకితా జాతిదే, ఒంటి మీద పులిచారలు.

మొదట్లో మామూలుగానే ఉంటుంది. మంచుకొండలు, ఒక పిల్లాడు, తుపాకీ పట్టిన ముసలి వేటగాడు గోహే, అకాకబుతో అనే రాక్షస ఎలుగుబంటి. దాని చేతిలో గోహేకి ఒక చెవి పోయింది, వేటకుక్క రికి లోయలో పడిపోయింది. రికి కొడుకు గిన్‌ని ముసలాయన ఎలుగుబంటి మీదికి తయారుచేస్తుంటాడు. ఆ తర్ఫీదు చూస్తే ముసలాణ్ణి నాలుగు తన్నాలనిపిస్తుంది, అంత మొరటు. సరే, వేటగాడి కథ అనుకుని చదువుతున్నా. ఇంతలో అడవికుక్కల గుంపు వస్తుంది, గిన్ ఇల్లు వదిలి వాటితో పోతాడు, కుక్కలు మాట్లాడుకోవడం మొదలుపెడతాయి! అక్కణ్ణుంచి మనుషులు పక్కకి జరిగిపోతారు. జపాన్ అంతా తిరిగి వీరులైన కుక్కల్ని పోగుచేయడం, కొట్లాటలు, చావులు, ఏడుపులు.

నా అనుమానం ఏంటంటే, ఈయన కుక్కల కథ చెప్తున్నాడా, మీసాలు మెలేసే మగాళ్ల కథకి కుక్కతోలు కప్పాడా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాంగాపిచ్చి:
అంకుల్ మీరు గిన్ చదువుతున్నారా, సూపర్. రెండోదే కరెక్ట్. అది అప్పటి జంప్ పత్రిక ఫార్ములా. స్నేహం, శ్రమ, విజయం అని మూడు మాటలు పెట్టుకుని నడిపేవాళ్లు, పాఠకులు పోస్టుకార్డుల్లో వేసే ఓట్లు తగ్గితే కథ ఆపేసేవాళ్లు. పక్క పేజీల్లో కండలు తిరిగిన హీరోలు గుద్దుకుంటుంటే ఈయన నాలుగు కాళ్లవాటితో అదే పని చేసి నాలుగేళ్లు నిలబడ్డాడు. ఇంకా రికి బతికే ఉన్నాడని, గుంపుకి పెద్ద వాడేనని తెలిసే సీన్ దగ్గరికి వచ్చారా??

పాతపుస్తకాలు:
బాబూ, ఆయన ఎంతవరకు చదివారో అడిగి ఆ తర్వాత చెప్పొచ్చు కదా. ఇప్పుడు అడిగేం లాభం, చెప్పేశావుగా.

మాంగాపిచ్చి:
అయ్యో సారీ ఆంటీ. 40 ఏళ్ల నాటి కథకి కూడా స్పాయిలర్ ఉంటుందనుకోలేదు.

బొమ్మలబాబ్జీ:
పర్లేదులే, ఆ పేజీ నిన్ననే దాటాను. లోయలో పడ్డవాడు శవం దొరక్కపోతే బతికే ఉంటాడని మన సినిమాలు చూసినవాడికి ఎవడో చెప్పాలా!

సెందాయ్_లక్ష్మి:
నమస్తే బాబ్జీ గారూ. నేను సెందాయ్‌లో ఉంటాను, అకితా ఇక్కడికి దూరం కాదు. మీ ప్రశ్నకి సగం జవాబు ఆయన గురువు దగ్గర ఉంది. తకహాషి మొదట హిరోషి మోతోమియా దగ్గర సహాయకుడిగా చేశాడు. ఆ గురువు బొమ్మలు చూస్తే అర్థమైపోతుంది, బడి గ్యాంగులు, మాట తప్పని మొండి మగాళ్లు, ఛాతీ విరుచుకుని నిలబడటం. జపనీస్‌లో 'ఒతొకొ' అంటారు, మగాడు అనే మాటే కానీ ఆ కథల్లో మనం "మగాడంటే వాడ్రా" అన్నప్పటి బరువు ఉంటుంది. గిన్ కథలో కుక్కలు ఒకదాన్నొకటి పొగడాలంటే వాడేది ఆ మాటే. దేశమంతా తిరిగి వెతికేది కూడా 'ఒతొకొ'లనే!

1973లో ఈ రంగంలోకి వచ్చాడు, మొదట్లో బేస్‌బాల్ కథ కూడా వేశాడు. కుక్కలతో పేరు తెచ్చింది 'షిరోయ్ సెన్షి యమతో' అనే కథ. తెల్ల అకితా కుక్క, కుక్కల పందేల నేపథ్యం. మంత్లీ జంప్‌లో చాలా ఏళ్లు నడిచి 26 సంపుటాలైంది. అంటే గిన్‌కి ముందే ఆయన చేయి కుక్కల మీద తిరిగింది. గిన్‌కి 1987లో షోగాకుకాన్ అవార్డు ఇచ్చారు, అది వేరే ప్రచురణ సంస్థ ఇచ్చే బహుమతి.

కానీ అంతా తోలు కప్పడమే అంటే ఒప్పుకోను. కథలో కాయ్ జాతి అన్నదమ్ములు ముగ్గురున్నారు కదా, కురోతోరా, చూతోరా, అకతోరా. అవి ఊరికే పెట్టిన పేర్లు కావు. కాయ్ కుక్కల్లో చారల రంగుని బట్టి నిజంగానే మూడు రకాలు చెప్తారు, నల్లపులి, నడిమిపులి, ఎర్రపులి అని, ఆ మాటలే పేర్లు చేశాడు. బెనిజకురా తోసా జాతి, అంటే షికోకు దీవి పందెంకుక్క. ఏ కొండకి ఏ కుక్కో చూసి పెట్టినవాడు కుక్కలు తెలియనివాడెలా అవుతాడు?

కుక్కలడాక్టర్:
పశువైద్యురాలిగా నాకు ఈ కథతో ఎప్పుడూ గొడవే. మా తమ్ముడు కార్టూన్ చూపించాడు, 1986లో తీసిన 21 భాగాలది. కుక్క గాల్లోకి ఎగిరి సుడి తిరుగుతూ వెళ్లి ఎలుగుబంటి మెడ తెంచుతుంది, దానికి 'జెత్సు తెన్రో బత్తోగా' అని మంత్రం లాంటి పేరు! మెడ ఎముక, దాని చుట్టూ కండ, ఆ పైన కొవ్వు ఎంత మందమో తెలిసినవాళ్లు చూడలేరండీ. పైగా మా దగ్గరికి వచ్చే కుక్క తోటి కుక్క కరిచిన చిన్న గాయానికే చీము పట్టి జ్వరంతో వణుకుతుంది. అక్కడ కడుపు చీలిన కుక్క లేచి ఉపన్యాసం ఇస్తుంది.

ఇంకోటి, ఈ కథ జరిగే హోన్షూ దీవిలో ఉండేది నల్ల ఎలుగుబంటి మాత్రమే. పెద్ద గోధుమరంగుది ఉత్తరాన హొక్కైదో దీవిలో తప్ప లేదు. నల్లది బాగా పెరిగినా 100 కిలోలు, 120 కిలోలు. ఈ అకాకబుతో ఇల్లంత ఉంటాడు.

మాంగాపిచ్చి:
డాక్టర్ మేడమ్, దానికి కథలోనే కారణం చెప్తారు. గోహే కాల్చిన తూటా కంట్లోంచి పోయి మెదడుకి తగిలింది, అందుకే చలికాలం నిద్రపోదు, అలా పెరుగుతూనే ఉంటుంది.

కుక్కలడాక్టర్:
మెదడుకి తూటా తగిలితే పెరుగుతారా నాయనా? అలాగైతే మా క్లినిక్ పక్కన జిమ్ వాళ్లకి చెప్తాను.

ఉద్దానం_కుర్రాడు:
ఎలుగుబంటి అన్నారు కాబట్టి వచ్చా. మాంగా సంగతి నాకు పెద్దగా తెలీదు, ఎలుగుబంటి సంగతి తెలుసు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, జీడితోటలు. జీడిమామిడి పండ్లకి, పనసపండ్లకి తోటల్లోకి దిగుతాయి. తెల్లారి తోటకి వెళ్లేటప్పుడు మా నాన్న కర్రతో డబ్బా కొట్టుకుంటూ వెళ్తాడు. ఒకసారి మా కుక్క ముందు పరిగెత్తి, గెడ్డ దగ్గర ఆగిపోయింది. మొరగలేదు. వీపు మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడి, తోక కిందికి పెట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ మా నాన్న కాళ్ల దగ్గరికి వచ్చి నిల్చుంది. మేం అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం. దాడిలో మనుషులు చనిపోయిన ఊళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి, అందుకే ఎవరూ హీరోయిజం చెయ్యరు.

మరి ఆ బొమ్మల్లో కుక్క ఎలుగుబంటిని చూసినప్పుడు ఎలా ఉంటుంది? భయపడేది ఉంటుందా, ఎగబడటమేనా?

బొమ్మలబాబ్జీ:
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ వీపు వెంట్రుకలే నేను ఈ వారమంతా చూస్తున్నది. నేను ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద, సినిమా హాళ్ల దగ్గర బొమ్మలు వేసినవాణ్ణి. ఏ బొమ్మ చూసినా ముందు చెయ్యి ఎక్కడ మొదలైందో వెతుకుతాను. ఈయన కుక్కకి గీత మెడ దగ్గర మొదలవుతుంది. మెడ మీద బొచ్చుని కత్తుల్లా పైకి లాగుతాడు, అవి లేచి ఉన్నాయా పడుకుని ఉన్నాయా అన్నదాన్ని బట్టి కుక్క మనసు తెలిసిపోతుంది, మొహం చూడక్కర్లేదు. భయం ఉంటుంది. గిన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వణుకుతాడు కూడా. కాకపోతే పక్కపేజీకి వెళ్లేసరికి భయం మింగేసి దూకేస్తాడు.

మొహం దగ్గర మాత్రం మాయ చేస్తాడు. కుక్కకి కనుబొమలు ఉండవు కదా, ఈయన కళ్ల పైన తోలుని మడతపెట్టి నీడ వేసి కనుబొమల పని చేయిస్తాడు. మూతి కుక్కదే, మనిషి పెదాలు పెట్టడు. మాట్లాడుతున్నప్పుడు నోరు కాస్త తెరిచి, కోర కనపడేలా ఉంచి, మిగతా మాటంతా కళ్లతో చెప్పిస్తాడు. నేను నాలుగు కాయితాలు ఖరాబు చేసి చూశా. నా కుక్క నవ్వినట్టు వచ్చింది. ఆయన కుక్క ఏడుస్తున్నా నవ్వినట్టు రాదు.

డాక్టరమ్మ చెప్పిన మెడ ఎముక సంగతి కరెక్టే కానీ బొమ్మలో బరువు తప్పదు. దూకిన కుక్క వెనక కాళ్లు చూడండి, మంచులో ఎంత లోతు దిగి లేచాయో కనిపిస్తుంది.

కుక్కలడాక్టర్:
కాళ్ల సంగతి ఒప్పుకుంటాను. మోకాలు, మడమ ఎక్కడ వంగాలో తెలిసి వేశాడు. చాలామంది కుక్క వెనక కాలికి మనిషి మోకాలు పెట్టేస్తారు.

ఎస్పూ_శ్రీను:
ఈ టాపిక్ తెలుగులో చూస్తానని కల్లో కూడా అనుకోలేదు! నేను ఫిన్లాండ్‌లో ఉంటున్నాను, ఎస్పూలో, తొమ్మిదేళ్లు అవుతోంది. ఇక్కడ ముప్పై, నలభై ఏళ్లవాళ్లని ఎవర్నైనా 'హోపెయానువోలి' అని అడగండి, మొహం మారిపోతుంది. ఫిన్నిష్‌లో వెండి బాణం అని. అది మన గిన్ కథే. వీడియో క్యాసెట్ల కాలంలో ఆ 1986 కార్టూన్ ఇక్కడికి వచ్చింది. బొమ్మ మీద కుక్కపిల్ల ఉంది కదా, పిల్లల సినిమా అనుకుని అమ్మానాన్నలు కొనిచ్చేశారు. రక్తం ఉన్న చోటల్లా కత్తెర వేశారు, కొద్దిమంది నటులే అన్ని కుక్కలకీ గొంతు ఇచ్చారు. మా ఆఫీసులో ఒకతను చెప్పాడు, చిన్నప్పుడు క్యాసెట్ చూస్తుంటే ఒక కుక్క ఉన్నట్టుండి మాయమయ్యేదట, ఎక్కడికి పోయిందో తెలిసేది కాదట. వాడూ వాడి చెల్లెలూ కూర్చుని ఆ కుక్క వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందని వాళ్లే కథ అల్లుకున్నారు. పెద్దయ్యాక కత్తిరించని డీవీడీ చూసి ఆ కుక్క చచ్చిపోయిందని తెలిసి రెండు రోజులు డల్‌గా ఉన్నాడట. పాతికేళ్లు దాటిన మగాడు!

తర్వాత ఆ మాంగా కూడా ఫిన్నిష్‌లోకి వచ్చింది. తకహాషి స్వయంగా ఇక్కడికి వచ్చి అభిమానుల్ని కలిశాడు. సొంత దేశంలో అంతకన్నా పెద్ద పేర్లు చాలా ఉన్నాయి, కానీ ఇక్కడ మాత్రం ఆయన మనకి బాపు బొమ్మ ఎంతో అంత.

పాతపుస్తకాలు:
శ్రీనూ, బాపు గారితో పోలిక కాస్త తగ్గించుకో నాయనా. కానీ ఆ చెల్లెలు, అన్న కథ అల్లుకోవడం మాత్రం బాగుంది.

నా గొడవ వేరు. చందమామలో కుక్కా నక్కా మాట్లాడితే విని పెరిగినదాన్ని, జంతువులు మాట్లాడటం నాకు వింత కాదు. కానీ ఇందులో ఆడకుక్కలేవమ్మా? గిన్ తల్లి ఫుజి ఇంట్లో ఉంటుంది. గుంపులో క్రాస్ అని సలూకీ జాతి ఆడకుక్క ఒక్కటే, అది కూడా బాగా పోరాడుతుంది, అంతలో గుంపులోని బెన్ అనే కుక్కకి జోడీ అయ్యి పిల్లల తల్లి అయిపోతుంది. మిగతా వందల కుక్కలూ మగవే. నిజం కుక్కల గుంపులో ఇలా ఉంటుందా డాక్టరమ్మా?

కుక్కలడాక్టర్:
ఉండదండీ. మా వీధిలో గుంపుని నడిపించేది మూడు ఈతలు ఈనిన ఆడకుక్క. అది లేస్తే అందరూ లేస్తారు.

పాతపుస్తకాలు:
అదీ. రెండో గొడవ, సాగదీయడం. ఎలుగుబంటి చచ్చాక కథ అయిపోవాలి. కార్టూన్ వాళ్లు అక్కడే ఆపి మంచి పని చేశారు. మాంగాలో ఎనిమిది మంది వీరకుక్కలంటూ పాత జపాన్ నవల పోలికతో ఇంకో యుద్ధం. అది అయ్యాక కొడుకు కథ, మనవడి కథ. మన సీరియల్స్ నయం.

మాంగాపిచ్చి:
ఆంటీ, గిన్ కొడుకు వీడ్ కథ మీద మాత్రం చెయ్యెత్తకండి, కొట్టేసుకుంటాను. లెక్క చెప్తా వినండి. గింగా దెన్సెత్సు వీడ్ 1999 నుంచి 2009, 60 సంపుటాలు. ఓరియన్ 2009 నుంచి 2014, 30. ఆ తర్వాత ది లాస్ట్ వార్స్ 22. 2019లో నోవా మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి 65 దాటింది! వీడ్ అంటే కలుపు మొక్క. తండ్రి గిన్ ఎవరో చూడకుండా పెరిగిన పిల్ల, తల్లి చచ్చిపోయాక తండ్రిని వెతుక్కుంటూ బయల్దేరతాడు. వీడి స్పెషల్ ఏంటంటే చంపడం ఇష్టం ఉండదు. ఓడిపోయినవాణ్ణి వదిలేస్తాడు, గుంపులో ముసలివాళ్లు తిట్టుకుంటారు. గిన్ తరంలో శత్రువు అంటే నరకడమే కదా, ఇక్కడ కొడుకు ఆ పద్ధతికి అడ్డం పడతాడు. అది సాగదీయడం ఎలా అవుతుంది?

ఇంకో విషయం, ఇవి వచ్చింది పిల్లల పత్రికలో కాదు. వీక్లీ మాంగా గోరకు అని, ఆఫీసులకి పోయే మధ్యవయసు మగాళ్లు రైల్లో చదివే పత్రిక. మందు, తిండి, జూదం కథల మధ్యలో కుక్కలు! జంప్‌లో గిన్ చదివిన పిల్లలే టై కట్టుకుని మళ్లీ చదివారని నా థియరీ.

పాతపుస్తకాలు:
60 సంపుటాలు చదివావా నిజంగా?

మాంగాపిచ్చి:
...41 దాకా. ఎగ్జామ్స్ వచ్చాయి.

సెందాయ్_లక్ష్మి:
మొదటి ప్రశ్నకి మళ్లీ వస్తాను, ఎలుగుబంటి దగ్గరికి కూడా. ఉద్దానం తమ్ముడూ, నువ్వు రాసింది చదివి ఉలిక్కిపడ్డాను, ఇక్కడ కూడా పరిస్థితి ఇలాగే ఉంది. 2023లో ఎలుగుబంట్ల దాడుల్లో గాయపడ్డవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి దేశంలో 200 దాటారు, ఎక్కువ అకితాలోనే. 2025 ఇంకా ఘోరం, నవంబరులో అకితాకి సైన్యాన్ని పంపారు, బోనులు మోయడానికి. పల్లెల్లో ముసలివాళ్లే మిగిలారు, వేటగాళ్లూ ముసలివాళ్లే, తోటల్లో కాయలు కోసేవాళ్లు లేక చెట్లకే ఉండిపోతాయి, వాసనకి అవి దిగుతాయి. ఆ ప్రాంతంలో కొండవేటగాళ్లని 'మతగి' అంటారు, వాళ్ల వేటకుక్కల నుంచే అకితా జాతి వచ్చింది. తర్వాత పందేల కోసం వేరే జాతులతో కలిపారు, అది పాడైపోతోందని 1931లో ప్రభుత్వం ప్రకృతి స్మారకంగా ప్రకటించి కాపాడింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తిండి లేక, తోళ్లకోసం పట్టుకుపోవడంతో మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

ఇదంతా ఎందుకంటే, తకహాషి పుట్టేసరికి ఆ జాతి మళ్లీ నిలదొక్కుకుంటోంది. ముసలి వేటగాడు, చారల కుక్క, ఊరి మీద పడే ఎలుగుబంటి, ఆయనకి ఇవి పుట్టిన కొండల సరుకే. మగాళ్ల కబుర్లు గురువు దగ్గర నేర్చుకున్నాడు, మంచు మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్నాడు. బాబ్జీ గారూ, నా వరకు ఆ మొదటి రెండు సంపుటాల కోసం మిగతా పదహారు క్షమించేస్తాను.

ఆయన ఊరి పక్కనే యొకోతె పట్టణంలో మసుద మాంగా మ్యూజియం ఉంది, 1995లో పెట్టారు. మాంగా కళాకారులు చేత్తో వేసిన అసలు పేజీల్ని భద్రపరచడమే దాని పని. సొరుగులు లాగి పేజీల్ని దగ్గరగా చూడొచ్చు. తెల్ల రంగుతో దిద్దిన చోట కాయితం కాస్త ఉబ్బి ఉంటుంది, అచ్చులో అది కనపడదు. బాబ్జీ గారు వస్తే అక్కణ్ణుంచి కదలరు.

బొమ్మలబాబ్జీ:
అమ్మా లక్ష్మీ, ఆ ఉబ్బిన తెల్ల రంగు మాట విని నాకు నిద్ర పట్టదు ఇవాళ. మేం కూడా హీరో ముక్కు తప్పు పోతే అలాగే దిద్దేవాళ్లం, కింద నిలబడి చూసేవాడికి తెలిసేది కాదు, నిచ్చెన ఎక్కితే తెలిసిపోతుంది. మొదటి రెండు సంపుటాలే గొప్ప అన్న మాటకి ఓటు వేస్తాను కానీ, కురోతోరా అన్నదమ్ముల దగ్గర కూడా నా ఓటు ఉంది, పేర్ల సంగతి తెలిశాక ఇంకా ఎక్కువ.

ఎస్పూ_శ్రీను:
మా ఆఫీసు అతనికి ఈ చర్చ అనువాదం చేసి చెప్పాను. ఇండియాలో పెయింటర్ ఒకాయన గిన్ గురించి రాస్తున్నాడంటే నమ్మలేదు. మీరు వేసిన కుక్క చూపించమంటున్నాడు, ఆ నవ్వేదైనా సరే.

బొమ్మలబాబ్జీ:
కాయితం మీద వేసినవి చింపేశాను. కాలు కాస్త నయమయ్యాక ఆదివారం మా ప్రహరీ గోడ మీద వేశా, మిగిలిపోయిన ఎనామెల్‌తో. మెడ దగ్గరే మొదలుపెట్టా, బొచ్చు బాగా వచ్చింది, చారలు కూడా. నవ్వు పోయింది. పాలు పోసే అబ్బాయి ఆగి కాసేపు చూసి "అన్నా, దుమ్ములగొండి బాగా కుదిరింది" అన్నాడు.

సెందాయ్_లక్ష్మి:
చెవులు చూడండి బాబ్జీ గారూ. అకితా చెవి చిన్నది, మందంగా, ముందుకి వంగి ఉంటుంది, మెడ వెనక గీత అలాగే పైకి పోతే చెవిలో కలుస్తుంది. మీరు పెద్దగా వేసి ఉంటారు.

బొమ్మలబాబ్జీ:
ఇప్పుడే టార్చ్ వేసుకుని వెళ్లి చూసొచ్చా. పెద్దగానే వేశాను. రేపు వాన లేకపోతే దిద్దుతా, తెల్ల ఎనామెల్ ఇంకా పావు డబ్బా ఉంది. ఫొటో ఎల్లుండి పెడతా శ్రీనూ, మీవాణ్ణి ఆగమను.